డిగ్రీలో విద్యుత్తు, అయస్కాంతత్వం: ఏ పుస్తకం, ఏ పాఠం ఎవరికి?

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందికి వచ్చే కళాశాల అయినా, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం కిందికి వచ్చేదైనా, బీఎస్సీ భౌతికశాస్త్రంలో పిల్లలు ఎక్కువగా తడబడేది విద్యుదయస్కాంత పాఠం దగ్గరే. అక్కడికి వచ్చేసరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ పుస్తకం చదవాలి? సీనియర్ ఒకడు గ్రిఫిత్స్ రాసిన పుస్తకం అంటాడు. గ్రంథాలయంలో తెలుగు అకాడమీ పుస్తకం కనిపిస్తుంది. ఎవరో హాలిడే, రెస్నిక్‌ల పుస్తకం పీడీఎఫ్ పంపుతారు. ఫోనులో వీడియో పాఠాలకు లెక్కే లేదు. పరీక్షకు నెల ముందు బజారులోకి గైడు వస్తుంది. చివరికి అయిదింటినీ తెరిచి, ఏ ఒక్కదాన్నీ సగం కూడా దాటని విద్యార్థులు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. వీటిలో చెడ్డవంటూ ఏవీ లేవు. ఒక్కో పుస్తకం ఒక్కో గణిత స్థాయి నుంచి మొదలవుతుంది. మీరున్న మెట్టు నుంచి మొదలయ్యే పుస్తకమే మీకు మంచి పుస్తకం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు తమ ఇబ్బందికి ఇంగ్లిషే కారణమనుకుంటారు. నేను చూసినంతలో ఇంగ్లిషు కంటే సమాకలనం (ఇంటిగ్రేషన్) దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది గణితం. ఇంటర్‌లో కూలుమ్ నియమం అంటే రెండు బిందు ఆవేశాలు, వాటి మధ్య దూరం, ఒక గుణకారం, ఒక భాగహారం. డిగ్రీలో ఆవేశం కడ్డీ మీద, వలయం (రింగు) మీద, గోళం నిండా పరుచుకుని ఉంటుంది. కూడిక కాస్తా సమాకలనం అవుతుంది. ఆ తరువాత గాస్ నియమం వచ్చి ఉపరితలం మీద సమాకలనం అడుగుతుంది. ఇంకొక అడుగు వేస్తే అదే నియమం అపసరణం (డైవర్జెన్స్) రూపంలో, ఒక్కో బిందువు దగ్గర ఏం జరుగుతుందో చెప్పే సమీకరణంగా మారుతుంది. ఇవి మూడు వేర్వేరు మెట్లు. గణితం పేపరులో సదిశా కలనగణితం (వెక్టర్ కాలిక్యులస్) సరిగ్గా అదే సమయానికి వస్తుందన్న హామీ లేదు. భౌతికశాస్త్ర తరగతిలో, క్షేత్రం ఒక బిందువు చుట్టూ ఎంత తిరుగుతోందో చెప్పే కర్ల్ గుర్తు బోర్డు మీదికి వచ్చినప్పుడు దాన్ని మొదటిసారి చూస్తున్నవాళ్లు సగానికి పైగా ఉంటారు.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోవడానికి మూడు చిన్న లెక్కలు ఇస్తాను. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద చేయండి.

ఒకటి: ఏకరీతిగా ఆవేశితమైన వలయం అక్షం మీద విద్యుత్ క్షేత్రం కనుక్కోండి. పక్కలకు ఉండే అంశాలు ఎందుకు రద్దవుతాయో ఒక వాక్యంలో రాయగలగాలి.

రెండు: ఏకరీతిగా ఆవేశం నిండిన గోళం తీసుకోండి. కేంద్రం నుంచి వ్యాసార్ధంలో సగం దూరాన క్షేత్రం ఎంత? వ్యాసార్ధానికి రెట్టింపు దూరాన ఎంత? ఉపరితలం మీది విలువలో మొదటిది సగం, రెండోది నాలుగో వంతు. జవాబు రావడం కాదు, గాస్ నియమంతో రెండు వాక్యాల్లో రావాలి.

మూడు: ఒక సదిశా క్షేత్రానికి ఎక్స్ దిశలో అంశం మైనస్ వై, వై దిశలో అంశం ఎక్స్. దాని అపసరణం, కర్ల్ ఎంత? అపసరణం సున్నా. కర్ల్ జెడ్ దిశలో 2.

మొదటి లెక్క దగ్గరే ఆగిపోతే ఒక దారి, రెండు చేసి మూడో దాని దగ్గర ఆగితే ఇంకొక దారి, మూడూ చేస్తే వేరే దారి. కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడుతుంది.

రెండో కొలమానం లెక్కల సాధన. పుస్తకంలో ఎన్ని లెక్కలున్నాయనేది ముఖ్యం కాదు. జవాబు సరిచూసుకునే వీలుందా, లెక్కలు తేలిక నుంచి కష్టానికి వెళ్తాయా అన్నవి చూడాలి. ఒంటరిగా చదివేవాళ్లకు ఇది ప్రాణం. మూడోది సిలబస్. మన డిగ్రీ పాఠాల్లో స్థిర విద్యుత్తు, అయస్కాంత స్థితి, ప్రేరణ, మాక్స్‌వెల్ సమీకరణాలతోపాటు సాధారణంగా ఏసీ వలయాలు (సర్క్యూట్లు), థెవెనిన్, నార్టన్ వంటి నెట్‌వర్క్ సిద్ధాంతాలూ ఉంటాయి. పేరున్న పుస్తకాలన్నీ వీటిని చెప్పవు. భాష, పుస్తకం చేతికందడం ఆ తరువాతి సంగతి.

| ఎంపిక | ముందే రావలసిన గణితం | లెక్కల సాధన | సిలబస్‌కు దగ్గరతనం | దొరకడం |
|---|---|---|---|---|
| తెలుగు అకాడమీ పుస్తకం | ఇంటర్ కలనగణితం | నిరూపణలు ఎక్కువ, కొత్త రకం లెక్కలు తక్కువ | బాగా దగ్గర | కళాశాల గ్రంథాలయం |
| హాలిడే–రెస్నిక్–వాకర్ | ఇంటర్ కలనగణితం | చాలా బలం | వలయాలతో సహా చాలావరకు | గ్రంథాలయం, కొనుగోలు |
| ఓపెన్‌స్టాక్స్ రెండో సంపుటం | ఇంటర్ కలనగణితం | బలం | చాలావరకు | ఫోనులో ఉచితం |
| గ్రిఫిత్స్ | సదిశా కలనగణితంతో పరిచయం | చాలా బలం, కష్టం | వలయాల భాగం లేదు | గ్రంథాలయం, కొనుగోలు |
| పర్సెల్, ఫైన్‌మన్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | పర్సెల్‌లో ఉంది | తక్కువ | ఫైన్‌మన్ చదవడానికి ఉచితం |
| వీడియో పాఠాలు | కోర్సును బట్టి | మీరు చేస్తేనే | కోర్సును బట్టి | డేటా ఉంటే చాలు |
| గైడు | ఏమీ అక్కర్లేదు | లేదు | పూర్తిగా | బజారు |

పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర తెరిచి చూడాలి

పుస్తకం ఎంచుకునేటప్పుడు అందరూ మొదటి అధ్యాయం తిరగేస్తారు. మొదటి అధ్యాయంలో ఆవేశాలు, కూలుమ్ నియమం ఉంటాయి. అవి ఏ పుస్తకంలోనైనా అర్థమవుతాయి. మీరు ఫారడే నియమం ఉన్న అధ్యాయం తెరవండి. అందులో ఒక్క విషయం వెతకండి: పొడవైన సాలినాయిడ్ (గొట్టంలా దగ్గరదగ్గరగా చుట్టిన తీగ) బయట ఉన్న తీగ చుట్టకు వోల్టేజీ ఎలా వస్తుంది?

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆదర్శ సాలినాయిడ్‌లో అయస్కాంత క్షేత్రమంతా లోపలే ఉంటుంది, బయట సున్నా. లోపలి క్షేత్రం మారుతుంటే, బయట దాని చుట్టూ ఉన్న తీగలో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. తీగ ఉన్నచోట అయస్కాంత క్షేత్రమే లేదు. మరి తీగలోని ఎలక్ట్రాన్లను ఎవరు తోస్తున్నారు? మారే అయస్కాంత క్షేత్రం తన చుట్టూ, తాను లేనిచోట కూడా, వలయాకారంలో విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందన్నదే జవాబు. సాలినాయిడ్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, లోపలి క్షేత్రం సెకనుకు 0.2 టెస్లా చొప్పున పెరుగుతోంది అనుకుందాం. దాన్ని ఒక్కసారి చుట్టిన ఏ తీగలోనైనా, చిన్న చుట్టయినా పెద్ద చుట్టయినా, సుమారు 1.57 మిల్లీవోల్టులే పుడతాయి. కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరాన విద్యుత్ క్షేత్రం మీటరుకు 0.0025 వోల్టులు.

ఇది పుస్తకంలో మాత్రమే ఉండే విచిత్రం కాదు. బోరుబావుల మీద సాగు నడిచే మన ప్రాంతంలో పొలం గట్టున కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ పని చేసేది ఇలాగే. అయస్కాంత అభివాహంలో (ఫ్లక్స్) అత్యధిక భాగం ఇనుప కోర్‌లోనే తిరుగుతుంది. తీగచుట్టలు కోర్ బయట ఉంటాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టులను 433 వోల్టులకు దించుతుంది. లెక్క కట్టాలనుకునేవాళ్లు 11,000ను 433తో భాగించి చుట్ల నిష్పత్తి 25 అనుకుంటారు. మూడు ఫేజుల చుట్టలను హైటెన్షన్ వైపు డెల్టాగా (త్రికోణంలా), లోటెన్షన్ వైపు స్టార్‌గా (మూడూ ఒక చివర కలిసేలా) కలిపినప్పుడు అది సరికాదు. 433 అనేది రెండు ఫేజుల మధ్య వోల్టేజీ. దాన్ని 3 వర్గమూలంతో భాగిస్తే ఒక్కో చుట్ట మీద 250 వోల్టులు. 11,000ను 250తో భాగిస్తే 44. అదీ చుట్ల నిష్పత్తి.

ఈ విషయాన్ని సూత్రం రాసి వదిలేసే పుస్తకం ఒక రకం. విద్యుత్ క్షేత్రం ఎక్కడ ఎంత ఉందో గీసి చూపే పుస్తకం రెండో రకం. మీకు ప్రధాన పుస్తకంగా రెండో రకమే కావాలి. మొదటి రకాన్ని పక్కన పెట్టుకుని వాడుకోవచ్చు.

తెలుగు అకాడమీ పుస్తకం

ఉన్నత విద్యను తెలుగులో అందించడానికి 1968లో ఏర్పడిన సంస్థ ఇది. డిగ్రీ భౌతికశాస్త్రానికి తెలుగులో నిలకడైన పదజాలం ఉందంటే అందులో దీని పాత్ర పెద్దది. అభివాహం, ప్రవణత, అపసరణం, ద్విధ్రువం, రోధకం, ధ్రువణం వంటి మాటలను నిర్వచనంతో సహా పట్టుకోవాలంటే దీన్ని మించినది లేదు. నిరూపణలు పరీక్షలో రాయవలసిన వరుసలోనే ఉంటాయి. ఇంటర్‌లో రెండు, నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నల లెక్కన చదివి వచ్చినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అలవాటవుతుంది.

దీని పరిమితి కూడా అక్కడే ఉంది. నిరూపణ కంఠతా వస్తుంది, కొద్దిగా మార్చి అడిగిన లెక్క రాదు. గోళం బదులు మధ్యలో ఖాళీ ఉన్న గోళం ఇస్తే కలం ఆగిపోతుంది. అందుకే దీని ఒక్కదాని మీదే ఆధారపడవద్దని చెబుతాను. పాత ముద్రణ చేతికి వస్తే, విషయసూచికను మీ విశ్వవిద్యాలయం ప్రస్తుత సిలబస్‌తో పోల్చుకున్నాకే మొదలుపెట్టండి. రెండు నిలువు వరుసల నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని తెలుగు మాట ఒక వైపు, ఇంగ్లిషు మాట ఒక వైపు రాస్తూ పోతే, ఒక సెమిస్టర్ తిరిగేసరికి ఇంగ్లిషు పుస్తకంలో అడ్డుపడే మాటలు చాలావరకు తొలగిపోతాయి.

హాలిడే, ఓపెన్‌స్టాక్స్

ఎక్కువమందికి నేను సూచించే ప్రధాన పుస్తకం ఈ రెండింటిలో ఒకటి. హాలిడే, రెస్నిక్‌ల పుస్తకం 1960లో మొదట వచ్చింది. తరువాత వాకర్ చేయి పడింది. మాక్స్‌వెల్ సమీకరణాలను సమాకలన రూపంలోనే చెబుతుంది, అపసరణం, కర్ల్ జోలికి వెళ్లదు. పైన ఇచ్చిన లెక్కల్లో మొదటిదాని దగ్గరో మూడోదాని దగ్గరో ఆగినవాళ్లకు సరిపోయేది అందుకే. అధ్యాయం మధ్యలో చిన్న చిన్న ప్రశ్నలు ఆపి అడుగుతాయి. బేసి సంఖ్య లెక్కలకు వెనక జవాబులుంటాయి. సాలినాయిడ్ బయటి విద్యుత్ క్షేత్రాన్ని గ్రాఫుతో సహా చూపిస్తుంది. లావు చూసి భయపడవద్దు. మీకు కావలసింది అందులో ఒక భాగమే.

కొనలేనివాళ్లకు, గ్రంథాలయంలో కాపీ దొరకనివాళ్లకు ఓపెన్‌స్టాక్స్ వారి యూనివర్సిటీ ఫిజిక్స్ రెండో సంపుటం ఉంది. న్యాయబద్ధంగానే ఉచితం. మొదటి నాలుగు అధ్యాయాలు ఉష్ణగతిక శాస్త్రం కాబట్టి అయిదో అధ్యాయం నుంచి మొదలుపెట్టండి. పదహారో అధ్యాయం విద్యుదయస్కాంత తరంగాలతో ముగుస్తుంది. వలయాలు కూడా ఇందులోనే ఉన్నాయి. సూటిగా ఉండే ఇంగ్లిషు, చిన్న వాక్యాలు. తెలుగు మాధ్యమం పిల్లలకు హాలిడే కంటే ఇదే తేలికగా సాగుతుంది. హాలిడేలో లెక్కల వైవిధ్యం ఎక్కువ. రెండింటినీ సమానంగా చదవడం మాత్రం కాలహరణం. ఒకటి పట్టుకోండి.

గ్రిఫిత్స్

1981లో మొదటి ముద్రణ వచ్చినప్పటి నుంచి ప్రపంచంలో అనేక విశ్వవిద్యాలయాలు ఈ పుస్తకాన్ని పాఠ్యంగా పెట్టుకున్నాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు రాశాడాయన. మొదటి అధ్యాయం పూర్తిగా సదిశా గణితమే. అందుకే చాలామంది దీనిలో గణితం కూడా నేర్చుకోవచ్చనుకుని దిగుతారు. ఆ అధ్యాయం నిజానికి తెలిసినదాన్ని పదును పెట్టుకోవడానికి ఉంది. సమాకలనం తడబడుతున్నవాళ్లు అక్కడే నెలరోజులు గడిపి, విద్యుత్తు మొదలయ్యేలోపే పుస్తకం మూసేస్తారు. తప్పు పుస్తకానిదీ కాదు, వాళ్లదీ కాదు. సమయం కుదరలేదంతే.

మూడో లెక్క మీరు తడబడకుండా చేశారంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. ప్రేరణ వల్ల పుట్టే విద్యుత్ క్షేత్రాన్ని ఈ పుస్తకం ఆంపియర్ నియమంతో పక్కపక్కన పెట్టి చూపుతుంది. ప్రవాహం చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎలా తిరుగుతుందో, మారే అభివాహం చుట్టూ విద్యుత్ క్షేత్రం అలాగే తిరుగుతుంది. ఆ పోలిక పట్టుబడితే సాలినాయిడ్ చిక్కు విడిపోతుంది. సాలినాయిడ్ బయట ప్రతి బిందువు దగ్గరా కర్ల్ సున్నా అయినా, చుట్టూ తిరిగివస్తే సమాకలనం సున్నా కాదన్న సంగతి కూడా ఇక్కడికి వచ్చాకే నిజంగా అర్థమవుతుంది.

లెక్కలు కష్టం. కానీ కొన్ని లెక్కల ఫలితాలను తరువాతి పాఠంలో వాడుకుంటారు కాబట్టి వదిలేయడానికి వీల్లేదు. ఏసీ వలయాలు, నెట్‌వర్క్ సిద్ధాంతాలు ఇందులో ఉండవు. పరీక్ష కోసం వాటిని వేరే చోట చదవాలి.

పర్సెల్, ఫైన్‌మన్

పర్సెల్ పుస్తకం అయస్కాంతత్వాన్ని సాపేక్ష సిద్ధాంతం నుంచి రాబడుతుంది. ప్రవాహం ఉన్న తీగ పక్కన కదిలే ఆవేశం మీద బలం ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు అంత అందమైన జవాబు మరెక్కడా చదవలేదు. తీసుకునేటప్పుడు ముద్రణ చూసుకోండి. 2013లో వచ్చిన మూడో ముద్రణ ఎస్ఐ ప్రమాణాల్లో ఉంది. పాతవి గాసియన్ ప్రమాణాల్లో ఉంటాయి. వాటిలో కూలుమ్ నియమానికి ముందు స్థిరాంకమే కనిపించదు, అయస్కాంత సూత్రాల్లో కాంతి వేగం ప్రత్యక్షమవుతుంది. తెలియక పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

ఫైన్‌మన్ ఉపన్యాసాల రెండో సంపుటాన్ని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. ఒకసారి పాఠం పూర్తయ్యాక సెలవుల్లో చదివితే ఆనందం. మొదటి పుస్తకంగా వద్దు.

వీడియోలు, అనుకరణలు, గైడ్లు

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక స్వయం మీద, ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో విద్యుదయస్కాంతం మీద మంచి కోర్సులు ఉచితంగా ఉన్నాయి. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లోని 8.02 కోర్సుకు లెక్కల పత్రాలు, వాటి సాధనలు కూడా దొరుకుతాయి. వీడియో కంటే నేను వాటికే ఎక్కువ విలువ ఇస్తాను. వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. బోర్డు మీద ఆయన చేస్తున్నాడు కాబట్టి మనమూ చేసినట్టు అనిపిస్తుంది. లెక్క మొదలవగానే వీడియో ఆపి, కాగితం మీద చేసి, తరువాత నొక్కండి. మిర్యాలగూడ నుంచో జడ్చర్ల నుంచో రోజూ బస్సులో తిరిగేవాళ్లు ప్రయాణంలో పాఠం వినవచ్చు. లెక్కలకు మాత్రం ఇంటి దగ్గర వేరే సమయం పెట్టుకోక తప్పదు.

కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనుకరణలు ఫోను బ్రౌజర్‌లోనే నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఆవేశాలను అటూ ఇటూ జరిపి క్షేత్రం ఎలా మారుతుందో చూడవచ్చు, అయస్కాంతాన్ని తీగచుట్టలోంచి లాగి బల్బు వెలిగించవచ్చు. ప్రయోగశాల సరిగా లేని కళాశాలలో చదివేవాళ్లు వీటిని తప్పక వాడాలి. మన జిల్లాల్లో అంతకంటే పెద్ద ప్రయోగశాలలూ ఉన్నాయి. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు, జూరాలది 234. కళాశాల తరఫున అనుమతి దొరికితే వెళ్లి ఒక ప్రశ్న అడగండి: జనరేటర్‌కు ఎన్ని ధ్రువాలు? 50 హెర్ట్జ్ కోసం రెండు ధ్రువాల యంత్రం నిమిషానికి 3000 సార్లు తిరగాలి. నీటి టర్బైన్ అంత వేగంగా తిరగదు కాబట్టి ధ్రువాల సంఖ్య పెంచుతారు. 40 ధ్రువాలుంటే 150 సార్లు చాలు.

గైడు గురించి రెండు మాటలు చాలు. ఏ అధ్యాయం నుంచి ఎలాంటి ప్రశ్నలు వస్తున్నాయో తెలుసుకోవడానికి పరీక్షకు ముందు వాడండి. దానితో పాఠం మొదలుపెట్టవద్దు.

ఎవరికి ఏది

తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, ఆవేశిత వలయం లెక్క దగ్గర ఆగినవాళ్లు ముందు రెండు వారాలు ఇంటర్ కలనగణితానికి ఇవ్వండి. ఆ తరువాత ఓపెన్‌స్టాక్స్ ప్రధానంగా, అకాడమీ పుస్తకం పక్కన. ప్రతి అధ్యాయాన్నీ ముందు తెలుగులో చదివి భావం పట్టుకుని, లెక్కలు ఇంగ్లిషులో చేయండి.

గోళం లెక్క వచ్చి కర్ల్ దగ్గర ఆగినవాళ్లకు హాలిడే. సమాంతరంగా గణితం అధ్యాపకుల దగ్గర సదిశా కలనగణితం ఒక నెల నేర్చుకోండి. మీ కళాశాలలో అదే అంతస్తులో పక్క గదిలో ఉంటారు వాళ్లు. అడిగితే కాదనే అధ్యాపకులు అరుదు.

సీపీగెట్, జామ్ వంటి పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలనుకునేవాళ్లు ఏదో ఒక దశలో గ్రిఫిత్స్ చేయాల్సిందే. హాలిడేలో గాస్, ఆంపియర్, ఫారడే అధ్యాయాల లెక్కలు సొంతంగా చేయగలిగాక అందులోకి వెళ్లండి. ఏసీ వలయాలకు హాలిడే, నెట్‌వర్క్ సిద్ధాంతాలకు అకాడమీ పుస్తకం ఉంచుకోండి.

ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు వాళ్లిచ్చే పాఠ్యపుస్తకాన్నే ప్రధానంగా పెట్టుకోండి. రెండో పుస్తకం వద్దు. రెండో వనరుగా జవాబులున్న లెక్కల పత్రం ఒకటి చాలు. వారానికి దొరికే కొద్ది గంటల్లో చదవడం కంటే చేయడానికే ఎక్కువ ఇవ్వాలి.

ఇంజినీరింగ్ మొదటి ఏడాది వాళ్లకు హాలిడే సరిపోతుంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ శాఖల వాళ్లకు తరంగాలు, ప్రసార మార్గాలు ఎలాగూ తరువాతి ఏళ్లలో వేరుగా వస్తాయి.

గ్రిఫిత్స్ మొదలుపెట్టినవాళ్లకు చివరగా ఒక సూచన. మొదటిసారి చదివేటప్పుడు మూడో అధ్యాయంలో చలరాశులను విడదీసే పద్ధతి, బహుధ్రువ విస్తరణ దగ్గర చాలామంది వేగం పడిపోతుంది. ప్రతిబింబాల పద్ధతి వరకు చేసి, మిగిలినదానికి గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లండి. నాలుగో అధ్యాయంలో రోధకాల (డైఎలెక్ట్రిక్‌ల) లెక్కల్లో కొన్నింటికి మళ్లీ వెనక్కి రావలసి వస్తుంది. అవసరం ఎదురయ్యాక వచ్చి చదివితే ఆ పద్ధతి ఎందుకు పెట్టారో తెలుస్తుంది. అయస్కాంత స్థితి, ప్రేరణ ఉన్న అయిదు, ఏడు అధ్యాయాలను మాత్రం ఒక్క పేజీ కూడా వదలకుండా చదవండి.